జంటపదాల చిక్కు

పోటీపరీక్షలకు ఆంగ్లం నేర్పే ఏ పుస్తకం తిరగేసినా అందులో ‘తరచుగా పొరబడే పదాలు’ అనే జాబితా ఒకటి తప్పక కనిపిస్తుంది. ఎడమవైపు ఒక పదం, కుడివైపు దాని కవల, ఎదురుగా ముక్తసరిగా అర్థాలు. విద్యార్థులు వాటిని ఎక్కాల్లాగా వల్లె వేస్తారు. తీరా పరీక్షలో రెండు పదాలూ గుర్తుకొస్తాయి. ఏది ఏదో మాత్రం తేలదు. ఈ దోషం విద్యార్థి జ్ఞాపకశక్తిది కాదు, ఆ జాబితాదేనని నా అభిప్రాయం. వేరుగా ఉంచవలసిన రెండింటిని అది పనిగట్టుకుని ఒకే తాటికి కడుతుంది.

మనవాళ్లకు ఇందులో మరో చిక్కు ఉంది. తెలుగు దాదాపు పలికినట్టే రాసే భాష. వర్ణక్రమం చాలావరకు చెవే చెబుతుంది. ఆంగ్లంలో ఆ ఆసరా లేదు. కాగితాలు, కలాలు స్టేషనరీ. కదలకుండా నిలిచి ఉన్నదీ స్టేషనరీయే. తెలుగు లిపిలో ఈ రెంటికీ తేడాయే ఉండదు. చెవికి అందని తేడాను కంటికి మాత్రమే అప్పగిస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది?

పదం వెనుక కథ చెబితే నిలుస్తుంది. మధ్యయుగపు ఐరోపాలో ఊరూరా తిరిగి అమ్ముకునే వర్తకులకు భిన్నంగా, ఒకచోట స్థిరంగా అంగడి పెట్టుకున్నవాణ్ణి స్టేషనర్ అన్నారు. వారిలో పుస్తక విక్రేతలే ఎక్కువ. అతడి పేరు చివర ఉన్న ‘ఈ, ఆర్’ అక్షరాలే అతడమ్మే సరుకు పేరులోనూ మిగిలాయి. ఇది విన్నవాడు ఆ వర్ణక్రమాన్ని బట్టీ పట్టనక్కరలేదు.

మరొకటి చూడండి. మెదక్ ప్రాంతంలోని ఎద్దుమైలారంలో ఉన్నది ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ. దాన్ని ‘ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ’ అని రాసేవారు కొల్లలు. చట్టసభలు కొలువుదీరనప్పుడు రాష్ట్రపతో గవర్నరో జారీచేసేది ఆర్డినెన్స్. ఆ కర్మాగారంలో తయారయ్యేది యుద్ధసామగ్రి. తమాషా ఏమిటంటే, పుట్టుకలో రెండూ ఒకే మాట. ఏర్పాటు, ఆజ్ఞ అనే అర్థాలున్న పాత ఫ్రెంచి పదం ఆంగ్లంలో కాలక్రమాన రెండుగా చీలింది. అన్నదమ్ములు వేరుపడ్డ సంగతి తెలిస్తే ఎవరి వాటా ఏదో గుర్తుంటుంది.

పరీక్షలు కూడా ఈ దారికే వచ్చాయి. అమెరికా చదువులకై మన పిల్లలు రాసే జీఆర్ఈలో 2011 ఆగస్టు నుంచి వ్యతిరేకపదాల ప్రశ్నలు, పదసామ్యాల ప్రశ్నలు తొలగిపోయాయి. వాక్యంలో ఖాళీకి తగిన పదం ఎంచుకోవాలి. విడిపదాన్ని కంఠస్థం చేసినంత మాత్రాన అక్కడ గట్టెక్కలేరు.

ఇదంతా ఆంగ్లానికే పరిమితమని మురిసిపోనక్కరలేదు. భావానికి ‘అర్థం’, సగానికి ‘అర్ధం’ అని తెలిసినవారే ‘నాకు అర్ధమైంది’ అని రాసేస్తున్నారు; అంటే సగమే అయిందన్నమాట! అయితే, ‘పురస్కార ప్రదానం’, ‘ప్రధాన కారణం’ అనే మాటలను వాక్యాల్లో పదేపదే చదివినవారు ఆ రెంటి మధ్య తడబడరు. వారికి జాబితాతో పని పడలేదు.

అందుచేత ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. జంటను విడదీయండి. ఇవాళ ఒక పదాన్ని దాని కథతో, నాలుగు వాక్యాలతో పరిచయం చేయండి. అది మనసులో కుదురుకున్నాక, మరో వారం రెండోదాన్ని పిలవండి.