మానేరు నీటికి తగిన కెమెరా కవచము

సముద్రము కనుచూపుమేరలో లేని కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో నీటి అడుగున ఛాయాచిత్రములు తీయవలెనను కోరిక నేడు యువకులలో బలముగా కనబడుచున్నది. పెండ్లికి ముందు వధూవరులను ఈతకొలనులో దింపి చిత్రించు వేడుక హైదరాబాదు నుండి మన పట్టణములకు ప్రాకినది మొదలు, స్టూడియోలు నడుపువారు సయితము తమ డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాకు జలము చొరని హౌసింగ్ ఏది కొనవలెనని విచారించుచున్నారు. వారు మొట్టమొదట అడుగునది, అది ఎన్ని మీటర్ల లోతునకు తాళునని. ఈ ప్రశ్న అండమాను పగడపు దిబ్బల నడుమ ఈదువానికి ముఖ్యమే గాని మనకు కాదనియు, పెట్టెపై ముద్రించిన లోతు సంఖ్యకంటె మన నీటి స్వభావమును చూచి హౌసింగును ఎన్నుకొనుట మేలనియు నా దృఢాభిప్రాయము.

మన నీరెట్టిదో చూడుడు. 1985లో పూర్తియైన దిగువ మానేరు గాని, 2019లో నిండిన మధ్య మానేరు గాని, శ్రీపాద ఎల్లంపల్లి గాని, కడెము గాని, వానకాలమున ఎర్రమట్టిని మోసికొని వచ్చు వాగులతో నిండు జలాశయములే. ఆషాఢము నుండి ఆశ్వయుజము వరకు ఆ నీటిలో చాచిన చేయి కానరాదు. కార్తీకము గడచి ఒండ్రు అడుగున పేరుకొనిన పిదప కొంత తేట కలుగును. అంతకంటె తేటనీరు వ్యవసాయపు బావులలో ఉండును. కరీంనగర్ గ్రానైట్ క్వారీల గుంతలలో నిలిచిన నీరును తేటగనే తోచును గాని, నిట్టనిలువు రాతి గోడలు తప్ప ఎక్కివచ్చుటకు మెట్టు లేని ఆ గుంతలలో ఎవ్వరును దిగరాదు. మంథని చేరువను గోదావరిపై మొసళ్ల రక్షణకై ఏర్పడిన శివ్వారం అభయారణ్యపు మడుగులలోను దిగరాదు.

ఇట్టి నీటిలో మనము చిత్రింపదగిన విషయములన్నియు పైపొరలోనే ఉన్నవి. 2016లో తెలంగాణ రాష్ట్ర మత్స్యముగా ప్రకటింపబడిన కొర్రమట్టనే తీసికొనుడు: గుడ్లు పిల్లలైన పిదప ఆ చేప తన సంతానమును విడిచిపోక, నాచు నడుమ గుంపుగా తిరుగు ఎర్రని పిల్లల క్రిందనే కాపు కాయుచుండ, ఆ పిల్లలు గాలికై మాటిమాటికి నీటి మీదికి వచ్చి మరల దిగు దృశ్యము మోకాలిలోతు కుంటలోనే దొరకును. ప్రతి పది మీటర్ల లోతునకు ఒక వాయుమండలపు ఒత్తిడి అదనముగా చేరును; మనము దిగునది రెండు మూడు మీటర్లు. 60 మీటర్లకు, 100 మీటర్లకు తాళునని చాటు కవచములకు అధికముగా చెల్లించు ధనము ఆ కుంటలో మనకెందుకు?

ఆ ధనమును కటకము ముందరి గవాక్షముపై, అనగా పోర్టుపై, వెచ్చింపవలయును. మురికినీటిలో స్పష్టత కోరువాడు తనకును వస్తువునకును నడుమ నున్న నీటిని తగ్గించుకొనవలెను. అందుకు వైడ్ యాంగిల్ లెన్సు పెట్టుకొని చేప మూతికి జానెడు దూరమునకు చేరుట తప్ప వేఱొక మార్గము లేదు. చదునైన అద్దము వెనుక ఆ లెన్సు నుంచితిమా, కాంతి వక్రీభవనముచేత వస్తువులు మూడింట నొకవంతు పెద్దవై, దృష్టివైశాల్యము హరించిపోవును. అర్ధగోళాకారమైన డోమ్ పోర్టు ఆ వైశాల్యమును కాపాడును గాని, దాని ముందు ఏర్పడు మిథ్యాబింబము చాల దగ్గరగా నుండును గనుక, దగ్గరి వస్తువులపై ఫోకస్ కుదురు లెన్సే అందులో పనికివచ్చును. పెద్ద డోమ్ ఉన్నచో సగము నీటిపైనను సగము నీటిక్రిందను ఒకే చిత్రమున చూపవచ్చును. మధ్య మానేరు నీట మునిగిన వరదవెల్లిలో దత్తాత్రేయస్వామి గుట్ట పైభాగమునను, నీటిలోని దాని పాదము క్రిందిభాగమునను ఒక్క చట్రములో అమరిన చిత్రమును నేను చూడగోరుచున్నాను. ఇక ఫ్లాష్ దీపమును లెన్సు ప్రక్కనే అమర్చినచో తేలియాడు మట్టి రేణువులన్నియు తెల్లని చుక్కలై చిత్రమును చెరచును. అందుచే దీపములను ఇరుప్రక్కలకు దూరముగా చాచు చేతులు గల హౌసింగే మనకు తగినది.

కవచపు పదార్థము విషయమై దీర్ఘచర్చ అనవసరము. నాటికామ్, సుబాల్ వంటి అల్యూమినియపు హౌసింగులు దృఢమైనవి, కాని తరచు కెమెరాకంటె ఎక్కువ వెల గలవి. ఇకెలైట్ వారి పాలికార్బొనేట్ పెట్టె మన పనికి చాలును. పారదర్శకమగుటచే లోపల చేరిన ఒక్క నీటిచుక్కయైనను కంటబడును. మెత్తని ప్లాస్టిక్ సంచులలో మీటలు వ్రేళ్లకు అందవు. వాటిని నేను సిఫారసు చేయను.

ఏ పెట్టె కొన్నను దాని ప్రాణము ఓ-రింగులో ఉన్నది. ఆ రబ్బరు వలయమును తీసి, వ్రేలికొనతో చుట్టును తడిమి, ఒక్క వెండ్రుకయో ఇసుక రేణువో తగిలినచో తుడిచి, సిలికాన్ గ్రీజును మెరుపు మాత్రము కనబడునంత పలుచగా పూయవలెను. నీటిని ఆపునది గ్రీజు కాదు, వలయమే. గ్రీజు ఎక్కువైనచో మట్టిని పట్టి ఉంచును. 45 డిగ్రీల వేసవి యెండలో మూసిన పెట్టెను చల్లని బావినీటిలో ముంచినయెడల లోపలి తేమ అద్దముపై మంచువలె కమ్మును; కావున తెల్లవారుజామున చల్లని గదిలో సిలికా జెల్ పొట్లముతో సహా మూయుట మేలు. ఉప్పునీటి తుప్పు బాధ మనకు లేదు గాని, ఒండ్రు మీటల సందులలో చేరి బిగిసిపోవును. అందుచే ఇంటికి రాగానే మంచినీటి తొట్టిలో ముంచి ప్రతి మీటను నొక్కుచు కడుగవలయును. సముద్రమున తేలియాడునట్లు తూచిన పెట్టె మన మంచినీటిలో మునిగిపోవచ్చును గనుక మణికట్టునకు త్రాడు కట్టుకొనుటయు మరువరాదు.

మరియొక విషయము. 1963లో వచ్చిన నికోనోస్ కెమెరా కవచము లేకయే నీట దిగునది; నేటి హౌసింగో, ఒక్క నమూనా కెమెరాకే పట్టును. 2020 తరువాత నికాన్, కెనాన్ సంస్థలు కొత్త ఎస్.ఎల్.ఆర్. నమూనాలను వెలువరింపలేదు గనుక, ఇప్పుడు పాత కెమెరాను, దానికి సరిపోవు పాత హౌసింగును కలిపి కొనుటయే వివేకము. ఒక్కొక్కరు విడిగా భరింపలేని యీ వ్యయమును నలుగురు స్టూడియోవారు కలిసి పంచుకొనవచ్చును. రాష్ట్ర మత్స్యశాఖ ఏటేట మన చెరువులలో చేపపిల్లలను వదలుచున్నది. అవి నీటిలో ఎట్లు బ్రతుకుచున్నవో చిత్రించుటకు ఆ శాఖయు, శాతవాహన విశ్వవిద్యాలయమును ఒక్కొక్క హౌసింగును కొని, ఫోటోగ్రాఫర్లకు ఎరువిచ్చుట ఎంతయు అవసరము.

కొనువారికొక మాట: హౌసింగ్ చేతికి రాగానే కెమెరా పెట్టకుడు. లోపల పొడి కాగితము పరచి, రాయి బరువు పెట్టి, త్రాటికి కట్టి మీ బావిలో అరగంట ముంచి తీయుడు. కాగితము పొడిగా ఉన్ననే కెమెరాను లోపల నుంచుడు.