‘టక్’ మనాల్సిన కెమెరా

పాత కెమెరాలో ఒక్క భాగం మార్చినా ‘ఒరిజినల్’ విలువ పోతుందని కొందరంటారు. నేనొప్పుకోను. వీణ మెట్లు కదిలితే మళ్లీ మైనం పెట్టి బిగిస్తాం కదా, అది కొత్త వీణ అయిపోయిందా?

మా ఇంట్లో తాత వాడిన యాషికా ఎలక్ట్రో 35 ఉంది. జపాన్‌లో 1966లో వచ్చిన రకం. ఫిల్మ్ లివర్ తిప్పితే లోపల ‘టక్’ మనాలి. ఆ చప్పుడు లేదంటే గోరంత రబ్బరు ముక్క పిండైపోయిందన్నమాట. లోహం, గాజు అన్నీ గట్టిగానే ఉంటాయి, ఆ ముక్క లేక షటర్‌కు వెలుతురు లెక్క తప్పుతుంది. వెనక తలుపు అంచున ఉండే నల్ల స్పాంజి కూడా జిగురైపోతుంది. దాన్ని స్పిరిట్‌తో తుడిచి మనమే కొత్తది అంటించుకోవచ్చు. రబ్బరు ముక్కకి మాత్రం పైమూత విప్పాలి, పని తెలిసిన చెయ్యి కావాలి. (నాన్న స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చాలు, అమ్మ “వేణాం!” అని అరవంలో అరుస్తుంది.)

షోకేసులో పెట్టుకునేవాళ్లకి అమ్మేద్దామని నాన్న. వాళ్లకి ‘టక్’ అక్కర్లేదు. నాకు కావాలి. తాత ఈ కెమెరాతోనే అవ్వని తీశాడు. అవ్వకిప్పుడు ఎనభై రెండు. ముందు ఆ ముక్క వేయించి, ఒక రోలు అవ్వకే ఖర్చు పెడతాను. అమ్మే సంగతి తర్వాత.