మాక్రోను బట్టీ పట్టొద్దు, విప్పి చూడండి



సి లాంగ్వేజ్ చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది "మాక్రో అంటే ఫాస్ట్ ఫంక్షన్" అని నోట్స్‌లో రాసుకుంటున్నారు. తేడా కొట్టేది ఆ మాట దగ్గరే అని మేము అంటున్నాం. మాక్రో ఫంక్షన్ కాదు. కంపైలర్ అసలు పని మొదలుపెట్టకముందే ప్రీప్రాసెసర్ ఆ పేరు తీసేసి, మనం రాసిన ముక్కను అక్కడ పెట్టేస్తుంది. అంతే. దానికి మన వేరియబుల్స్ తెలీవు, టైపులు తెలీవు.

స్క్వేర్(ఎక్స్) అంటే ఎక్స్*ఎక్స్ అని డిఫైన్ చేసి 3+2 ఇవ్వండి. 25 రాదు. 3+2*3+2 అయిపోయి 11 వస్తుంది. బ్రాకెట్లు పెడితే ఇది సరవుతుంది. మరి ఐ++ ఇస్తే? బ్రాకెట్లు కూడా కాపాడవు. ఐ++ రెండుసార్లు పడుతుంది, జవాబు ఎంతో సి స్టాండర్డే హామీ ఇవ్వదు. రెండు స్టేట్‌మెంట్ల మాక్రోను ఇఫ్-ఎల్స్ మధ్య పెడితే అదీ చెడుతుంది. అందుకే దాన్ని డూ-వైల్(0)లో చుడతారు. లినక్స్ కెర్నల్‌లో కూడా ఈ పద్ధతి కనిపిస్తుంది.

ఈ కిటుకులు తెలియాలి. కానీ వాటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది: ఇక్కడ మాక్రో అవసరమా? నంబర్లకు పేర్లు పెట్టడానికి ఈనమ్ ఉంది. చిన్న లెక్కలకు సి99 నుంచి స్టాటిక్ ఇన్‌లైన్ ఫంక్షన్ ఉంది. అందులో ఐ++ ఒక్కసారే జరుగుతుంది, టైపు కూడా చెక్ అవుతుంది. టైపును బట్టి ఫంక్షన్ మారాలంటే సి11లో జెనరిక్ వచ్చింది. "ఫంక్షన్ స్లో కదా అన్నా" అంటారు. ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే అంత చిన్న ఫంక్షన్‌ను కంపైలర్ మామూలుగా అక్కడే కలిపేస్తుంది. ఫైల్ పేరు, లైన్ నంబర్ చూపించే లాగ్ లాంటి వాటికి మాత్రం మాక్రో వాడండి.

మనలో చాలామంది ఇళ్లలో ఈ చదువు మనతోనే మొదలు. పక్కన కూర్చుని చెప్పేవాళ్లు ఉండరు. అందుకే ఇది గుర్తుపెట్టుకోండి: జీసీసీ తర్వాత మైనస్, క్యాపిటల్ ఈ కొట్టి ఫైల్ పేరు ఇవ్వండి. మాక్రోలన్నీ విప్పి చూపిస్తుంది. ముందు హెడర్ల సరుకంతా వస్తుంది, మన కోడ్ చివర్లో ఉంటుంది. దీనికి నెట్ అక్కర్లేదు, ట్యూషన్ అక్కర్లేదు. ఇంటర్వ్యూలో డెఫినిషన్ అప్పజెప్పడం కాదు, 11 ఎందుకొచ్చిందో చెప్పగలగాలి.

రేపు ల్యాబ్‌లో నడిపి చూడండి. ఏం కనిపించిందో ఇక్కడ పెట్టండి. డౌట్ వస్తే మొహమాటపడొద్దు, కలిసి చూద్దాం.