డిమాండ్ల పత్రంలో మన వాక్యం ఎక్కడ?

ఎన్నికల ఏడాదిలో మా సంఘం వేసే డిమాండ్ల పత్రం చేతికి రాగానే మేము చివరి పేజీ తిప్పుతాం. ఆదివాసీ మాట ఉంటే అక్కడే ఉంటుంది. పాత పెన్షన్‌కు ఒక పేజీ ఉంటుంది. పీఆర్సీకి ఇంకో పేజీ. డీఏ బకాయిలకు లెక్క కట్టిన పట్టిక. అవన్నీ అయ్యాక, బదిలీల కింద, సరెండర్ లీవుల కింద, ‘ఏజెన్సీ ప్రాంత సమస్యలు పరిష్కరించాలి’ అని ఒక్క వాక్యం. ఏ సమస్య? ఎవరు పరిష్కరించాలి? ఏ చట్టం కింద? అది మాత్రం రాయరు.

మేము బయట నిలబడి రాళ్ళు వేసేవాళ్ళం కాదు. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి కొండల నుంచి కొల్లేరు లంకల దాకా బడుల్లో పనిచేస్తున్న ఆదివాసీ ఉపాధ్యాయులం. టీటీసీ, డీఎడ్ చదివి, డీఎస్సీ రాసి వచ్చినవాళ్ళం. చేరిన నాటి నుంచి సభ్యత్వం కడుతున్నాం, ధర్నాకు పిలిస్తే వెళ్తున్నాం. 2022 ఫిబ్రవరి 3న ఛలో విజయవాడ పిలుపు ఇచ్చినప్పుడు పోలీసులు దారిపొడవునా ఆపుతున్నా వేలాది ఉద్యోగులూ ఉపాధ్యాయులూ బీఆర్టీఎస్ రోడ్డు మీదికి చేరారు. 27 శాతం మధ్యంతర భృతి ఇస్తూ వచ్చి, తీరా 23 శాతం ఫిట్‌మెంట్ ఇస్తే ఎవరికి మండదు? ఆ కోపం మాదీ. అందుకే ఈ మాటలు లోపలి మాటలుగా వినాలి.

ప్రభుత్వ ఉద్యోగుల సంఘం ఫలానా పార్టీకి ఓటేయమని చెప్పకూడదు, ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవు. దాంతో మా నాయకులు ‘మాకు రాజకీయాలు లేవు’ అంటారు. డిమాండ్లకు వరుస కట్టడమే రాజకీయం. మంత్రుల కమిటీ ముందు కూర్చుంటే మాట్లాడటానికి దొరికేది గంటో, రెండు గంటలో. మొదటి మూడు అంశాలకే ఆ సమయం సరిపోతుంది. పద్దెనిమిదో అంశం టీ తాగి లేచేటప్పుడు చేతికిచ్చే కాగితం. ఎవరిని మొదటి మూడింట్లో పెట్టారో, ఎవరిని పద్దెనిమిదిలో పెట్టారో అదే సంఘం రాజకీయం.

మొదటి వరుసలో ఎవరున్నారు? 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన ఉద్యోగుల పెన్షన్ ఉంది. అధికారంలోకి వచ్చిన వారంలో సీపీఎస్ రద్దు చేస్తామని 2019లో మాట ఇచ్చారు. నాలుగేళ్ళ తర్వాత, 2023 సెప్టెంబరులో, జీపీఎస్ చట్టం తెచ్చారు. ఉద్యోగులు ఆ మోసాన్ని మరిచిపోలేదు, మరిచిపోనక్కర లేదు. మాలోనూ ఎక్కువ మంది సీపీఎస్‌లో ఉన్నవాళ్ళమే. కానీ పెన్షన్ అనేది ఉద్యోగం దొరికినవాడి చివరి రోజుల సమస్య. మన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఆ ఉద్యోగం మొదటి రోజే లేకుండా పోయింది. ఆ సంగతికి ఎన్ని పేజీలు ఇచ్చారు?

జీవో 3 కథ చిన్నవాళ్ళకు పూర్తిగా తెలియదు కాబట్టి చెప్పుకోవాలి. మైదానం నుంచి వేసిన ఉపాధ్యాయులు కొండ మీది బడికి సరిగా రాలేదు. వచ్చినవాళ్ళు నిలవలేదు. బడి తలుపు తీసేవాళ్ళు లేక, పిల్లల భాష తెలిసినవాళ్ళు లేక చదువు ఆగిపోయింది. అందుకే 1986లో జీవో 275 వచ్చింది, అది కోర్టుల్లో నలిగాక 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని దాని సారం. ఇరవై ఏళ్ళలో అది వేలాది కుటుంబాలకు మొదటి జీతం చూపించింది. కోయ పిల్లాడికి కోయ మాట తెలిసిన పంతులును ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. వంద శాతం రిజర్వేషన్ చెల్లదన్నది, అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలు మాత్రం ఉంచింది, రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి ఐదు లక్షలు ఖర్చుల కింద కట్టమన్నది. లాక్‌డౌన్ రోజులు. రోడ్డెక్కుదామన్నా గడప దాటే వీలు లేని సమయంలో ఇరవై ఏళ్ళ హక్కు పోయింది.

ఆ తర్వాత వచ్చిన పెద్ద ఎన్నికల ఏడాది 2024. ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో ఒక డీఎస్సీ ప్రకటన. ప్రభుత్వం మారాక జూన్ 13న మెగా డీఎస్సీ మీద తొలి సంతకం, 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు నోటిఫికేషన్. నిరుద్యోగులకు పండగే. ఏజెన్సీ యువత మాత్రం ప్రత్యేక డీఎస్సీ కావాలని, జీవో 3 స్థానంలో కొత్త చట్టం కావాలని బంద్‌లు చేసింది. ఎన్నికల సభల్లో జీవో 3 తిరిగి తెస్తామన్న మాట ఆ పిల్లలు విన్నారు. ఆ మాట ఎక్కడికి పోయిందని అడిగింది కూడా వాళ్ళే. నిన్నటి దాకా వాళ్ళకు పాఠం చెప్పిన మన పెద్ద సంఘాలు సంఘీభావ ప్రకటన ఇచ్చి ఊరుకున్నాయి.

ఈ మాట మేము సమావేశంలో లేవనెత్తితే, అది సుప్రీంకోర్టు తీర్పు, సంఘం ఏం చేయగలదు అంటారు. జీపీఎస్ కూడా చట్టసభ ఆమోదించిన చట్టమే కదా. చట్టమైపోయింది, ఇక చేసేదేమీ లేదని పాత పెన్షన్ డిమాండ్ ఎవరైనా వదిలేశారా? పైగా ఆ తీర్పు అన్ని దారులూ మూయలేదు. కోర్టు వంద శాతం కుదరదన్నది, యాభై శాతం పరిమితి గుర్తు చేసింది. రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ ఆరు శాతం. ఆరుకూ యాభైకీ మధ్య ఎంత చోటు ఉంది! జనాభాలో గిరిజనులే ఎక్కువగా ఉన్న మండలాలకు విడిగా లెక్క కట్టి, ఆ చోటంతా అడగవచ్చు. కోయ, సవర, కువి భాషల్లో ప్రభుత్వమే వాచకాలు అచ్చు వేసింది. ఆ వాచకం చదివి చెప్పగలగడం ఆ బడికి అర్హత కావాలని అడగవచ్చు. గవర్నరు కాగితంతో కాకుండా శాసనసభలో చట్టంగా తెమ్మని అడగవచ్చు. న్యాయవాదులను పెట్టి ముసాయిదా రాయించడం సంఘానికి చేతకాని పనేమీ కాదు. పీఆర్సీ నివేదికను పేరా పేరాకూ చీల్చి విశ్లేషించిన బుర్రలు అక్కడే ఉన్నాయి.

అసలు కారణం ఇంకొకటి. ఓటు. టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నిక రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం జరుగుతుంది. సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో పనిచేసేవాళ్ళకే అందులో ఓటు. ప్రాథమిక బడిలో ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే ఎస్జీటీకి ఓటు లేదు. కొండ మీద బడి అంటే చాలావరకు ప్రాథమిక బడే. లంక గ్రామాల్లోనూ అంతే. టీచర్ల ప్రతినిధిని ఎన్నుకునే రోజున మేము మామూలుగా బడికి వెళ్ళి హాజరు వేసుకుంటాం. ఓటు లేనివాడి సమస్య పద్దెనిమిదో అంశం కావడంలో వింతేముంది?

అయితే ఓటు లెక్క చూడకుండా నడిచిన మనిషినీ ఈ జిల్లాలే చూశాయి. షేక్ సాబ్జీ గారు. యూటీఎఫ్ నాయకుడు, 2021 మార్చిలో తూర్పు పశ్చిమ గోదావరి టీచర్ల నియోజకవర్గం నుంచి ఎమ్మెల్సీగా గెలిచారు. (మా కైకలూరు వైపు పాత కృష్ణా జిల్లా కాబట్టి ఆ నియోజకవర్గంలోకి రాదు. అయినా ఏలూరు మనిషిగా ఆయన మాకు తెలిసినవారే.) 2023 డిసెంబరు 15న ఏలూరు నుంచి భీమవరం వెళ్తూ ఉండి మండలం చెరుకువాడ దగ్గర కారు ప్రమాదంలో చనిపోయారు. వెళ్తున్నది అంగన్వాడీల సమ్మె శిబిరానికి. ఆ శిబిరంలో కూర్చున్న ఆడవాళ్ళలో ఒక్కరికి కూడా టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటు లేదు. ఆయన చనిపోయాక అందరూ దండలు వేశారు, సంతాప సభలు పెట్టారు. 2024 డిసెంబరు 5న ఉప ఎన్నిక జరిగింది, అదే సంఘం బలపరిచిన బొర్రా గోపిమూర్తి గారు గెలిచారు. సాబ్జీ గారు చివరిగా ఏ దారిన బయలుదేరారో, డిమాండ్ల పత్రం ఆ దారి పట్టిందా అన్నది మా ప్రశ్న.

ఆ శిబిరం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎన్నికల ఏడాదిని ఎలా వాడుకోవాలో ఆ అక్కలే చూపించారు. 2023 డిసెంబరు 12న అంగన్వాడీలు సమ్మెకు దిగారు. వర్కర్‌కు 11,500, హెల్పర్‌కు 7,000. కనీస వేతనం 26,000 కావాలి, గ్రాట్యుటీ కావాలి అన్నారు. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ జెండాలు మూడూ ఒకే టెంటు కింద నిలిచాయి. జనవరి 6న ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది, ఆరు నెలలు సమ్మె నిషేధమంది. ఏడు వేలు ఇచ్చేటప్పుడు గౌరవ వేతనం, సమ్మె చేస్తే మాత్రం అత్యవసర సేవ! కేంద్రాల తాళాలు పగలగొట్టించారు, తొలగిస్తామన్నారు, విజయవాడ దీక్షా శిబిరాన్ని రాత్రికి రాత్రి పోలీసులతో ఎత్తేయించారు. 42 రోజులు వాళ్ళు కదల్లేదు. జనవరి 22 రాత్రి మంత్రులు చర్చలకు కూర్చున్నారు. పదవీ విరమణ మొత్తం వర్కర్‌కు 1,20,000, హెల్పర్‌కు 60,000 చేస్తామన్నారు, జీతం పెంపు జూలైకి వాయిదా వేశారు. జూలై నాటికి ఆ ప్రభుత్వమే లేదు. 175లో 11 సీట్లకు పడిపోయింది. కొత్త ప్రభుత్వం వచ్చాక కూడా 2025 మార్చిలో వాళ్ళు మళ్ళీ విజయవాడ వెళ్ళాల్సి వచ్చింది.

పూర్తి గెలుపు అని మేము అనం. కానీ ఒక్కటి గమనించండి. వాళ్ళ సంఘం పేరులోనే వర్కర్స్ అండ్ హెల్పర్స్ అని ఉంటుంది. అందరికన్నా తక్కువ జీతం తీసుకునే ఆయమ్మ పేరు బోర్డు మీదే ఉంది. ఆమెకు కూడా రాకుండా ఒప్పందం కుదరదు. మన బడుల్లో వంట చేసే అమ్మ పేరు, ఆశ్రమ పాఠశాలలో ఏళ్ళ తరబడి కాంట్రాక్టులో ఉన్న సీఆర్టీ పేరు మన సంఘం బోర్డు మీద ఎక్కడుంది? ఒకే బడిలో, ఒకే పాఠం చెప్పి, సగం జీతానికి పనిచేసే సీఆర్టీ మన సమావేశానికి వస్తే కుర్చీ వేస్తాం. తీర్మానం వేయం.

ఈ వరుస జబ్బు ఉపాధ్యాయ సంఘాలకే పరిమితం కాదు. కొల్లేటికోట నుంచి చూస్తే అంతా ఒకే బొమ్మలా కనిపిస్తుంది. 1999లో ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2006 నాటికి ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువులు కొట్టారు. 2008లో మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. అప్పటి నుంచి ఎన్నికలొస్తే కాంటూరు మాట మొదలవుతుంది. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు వచ్చే నాయకులు అమ్మవారికి దండం పెట్టి బయటికొచ్చి కాంటూరు గురించి హామీ ఇస్తారు. భూమి పోగొట్టుకున్న పేద రైతుకు, సొసైటీ మత్స్యకారుడికి అది బతుకు సమస్యే, కాదనం. వాళ్ళ వెనక నిలబడి ఆ మాటను పెద్ద గొంతుతో పలికించేది మాత్రం వందల ఎకరాలు లీజుకు పట్టినవాళ్ళు.

ఆ చెరువు గట్టు మీద పాక వేసుకుని కాపలా ఉన్న యానాది కుటుంబం ఏ హామీలోనూ లేదు. మూడో కాంటూరైనా, ఐదో కాంటూరైనా అతని పాక గట్టు మీదే. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రాత్రీ పగలూ చెరువు చూసుకోవాలి, మేత వేయాలి, పిట్టలను తోలాలి. జీతం మాత్రం ఒక్కరికే. చేరేటప్పుడు తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. పట్టుబడి అయిపోగానే ఇంకో చెరువుకు మారతారు, పిల్లాడి పేరు మా రిజిస్టర్‌లోనే ఉండిపోతుంది, పిల్లాడు మాత్రం వేరే మండలం గట్టు మీద ఉంటాడు. డ్రాపౌట్ అని మేము రాస్తాం. ఎందుకు డ్రాపౌట్ అయ్యాడో రాసే గడి యాప్‌లో లేదు. కార్మిక సంఘాల మేడే పోస్టరు కైకలూరులో కనిపిస్తుంది, గట్టు దాకా రాదు. గట్టు మీది కూలీ సభ్యత్వం కట్టలేడు, ఒక చోట ఉండడు, చాలా మందికి ఆధార్ కూడా సరిగా లేదు. కాబట్టి ఏ సంఘం లెక్కలోనూ లేడు.

ఆ కుటుంబం ఎక్కడుందో తెలిసిన ప్రభుత్వ ఉద్యోగి ఈ లంకల్లో ఒక్కరే. పిల్లాడిని వెతుక్కుంటూ గట్టెంబడి నడిచే పంతులు. కార్మిక సంఘం, ఉపాధ్యాయ సంఘం కలిసి పనిచేయడానికి ఇంతకంటే సహజమైన చోటు ఉందా? గట్టు కూలీల జాబితా మా దగ్గర ఉంటుంది. కనీస వేతనం అడిగే అనుభవం వాళ్ళ దగ్గర ఉంటుంది. ఈ పని మొదలుపెట్టడానికి ఏ కోర్టు తీర్పూ అడ్డం లేదు.

యువతకు ఒక మాట. సంఘాలన్నీ ఒకటే, మనకు వద్దు అని వెళ్ళిపోకండి. మనం బయటికి పోతే పద్దెనిమిదో అంశం కూడా మాయమవుతుంది. ఉపాధ్యాయులకు ఇంకో మాట. వచ్చే సభ్యత్వ చేర్పింపులో రసీదు పుస్తకం మీ బడికి వచ్చినప్పుడు డబ్బు తీసే ముందు వరుస అడగండి. ఏజెన్సీ పోస్టుల కోసం శాసనసభలో చట్టం, సీఆర్టీలకూ వంట అమ్మలకూ సంఘంలో ఓటు హక్కుతో సభ్యత్వం, చెరువు గట్టు కూలీల పిల్లల కోసం కార్మిక సంఘాలతో కలిసి జాబితా. ఈ మూడూ మొదటి పేజీలో ఉండాలి, పాత పెన్షన్ రెండో పేజీకి పోయినా సరే. మా పెన్షన్ కూడా అందులోనే ఉందని తెలిసే అంటున్నాం. మండల సమావేశంలో తీర్మానంగా రాయించండి, మినిట్స్ పుస్తకంలో నంబరు వేయించండి, నకలు జిల్లాకు పంపించండి. బుట్టాయగూడెం నుంచి ఒకటి, కైకలూరు నుంచి ఒకటి వెళ్ళినా చాలు, జిల్లా కార్యవర్గం ఆ రెండింటినీ ఒకే రోజు చదవాల్సి వస్తుంది.