ఇల్లూ వాకిలీ: ఒకే మంచం, రెండు నిద్రలు

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు పెద్దలు. ఇరవై ఏళ్ళ వయసులో అది అక్షరాలా నిజం. పెళ్ళివారింట జంపఖానా మీద వాలినా, రైల్లో కిటికీకి తల ఆనించినా నిద్ర దానంతటదే వచ్చేది. యాభై దాటాక మాత్రం నిద్రకి సుఖం, కష్టం రెండూ తెలిసివస్తాయి. పోనీ, అవి భార్యాభర్తలిద్దరికీ ఒకే తీరున తెలిసివస్తాయా అంటే అదీ లేదు. ఒకరికి గట్టి పక్క కావాలి, ఒకరికి మెత్తన కావాలి. ఒకరికి చలి, ఒకరికి ఉక్క. ఈసారి మన శీర్షికలో ఆ సంగతి, దానితోబాటు పరుపు కొనే సంగతీ చెప్పుకుందాం.

మన తాతల ఇళ్ళలో ఈ తగువు అంతగా ఉండేది కాదు. ఎవరి నులక మంచం వారిది. వదులైతే కాళ్ళవైపు తాడు లాగి బిగించుకునేవారు. గట్టిగా కావలసినవారు బాగా బిగించేవారు, ఒళ్ళునొప్పుల ముసలమ్మలు కాస్త వదులుగా ఉంచుకునేవారు. నవారు మంచమైనా అంతే. అంటే మనిషికి తగినట్టు పక్కను సవరించుకునే వీలు ఆ నాలుగు కోళ్ళ మంచంలోనే ఉండేదన్నమాట. పందిరి మంచాలు ఏ కలిగినవారి ఇళ్ళలోనో ఉండేవి. తరువాత తరువాత డబుల్ కాట్ అందరి ఇళ్ళకీ వచ్చింది. ఆడపిల్లతోబాటు సారెలో మంచమూ, పరుపూ పంపడం చాలా కుటుంబాలలో ఆచారమైంది. మంచం టేకుదా కాదా, తలవైపు చెక్కడం ఎలా ఉంది అని పదిమందీ చూస్తారు. దాని మీద పడుకోబోయే ఇద్దరినీ మాత్రం ఎవరూ ఏమీ అడగరు!

పరచేది గనుక మనం పరుపు అన్నాం. కన్నడంవారి హాసిగె కూడా పరచడం అనే మాటలోంచి వచ్చిందే. తమిళులు మెత్తగా ఉంటుందని మెత్తై అన్నారు. మరాఠీలో గాదీ. ఏ పేరుతో పిలిచినా ఒకప్పుడు అందులో ఉన్నది దూదే. పత్తి దూది, లేదంటే బూరుగు దూది. మా కోయంబత్తూరు వైపు బూరుగు దూదిని ఇలవం పంజు అంటారు. తేని జిల్లా బోడినాయకనూరు ఆ వ్యాపారానికి పేరుపొందిన ఊరు. ఒడిశాలోని సిమిలిపాల్ అడవికి ఆ పేరు వచ్చింది బూరుగు చెట్ల వల్లనే. దూది పరుపు చల్లన, కానీ ఉండలు కడుతుంది. రెండు మూడేళ్ళకొకసారి దూదేకులవారిని పిలిచి, దూది ఏకించి మళ్ళీ కుట్టించుకోవాలి. ఆ పనివారు ఇప్పుడు వీధిలోకి రావడం అరుదైపోయింది. అందుకే అందరం దుకాణం దారి పట్టాం.

ఇక అసలు సంగతి. మా పిన్ని కూతురు, వాళ్ళాయన ఇదే ఊళ్ళో ఉంటారు. ఆమధ్య మా చెల్లెలు రాత్రిళ్ళు హాల్లో దివాను మీద పడుకోవడం మొదలుపెట్టింది. వారం కాదు, పది రోజులు కాదు, ఏడాది గడిచింది. ఇంట్లో ఉన్న అత్తగారు గమనించి, "ఏమ్మా, మీ ఇద్దరికీ ఏమైనా మాట పట్టింపా?" అని అడిగారట. పండక్కి వచ్చిన కూతురు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుందిట. మా మరిదిగారు నోరు విప్పి ఏమీ అనలేదు గాని, మనిషి ముభావంగా తయారయ్యాడు.

ఒకనాడు చెల్లెలు నా దగ్గర చెప్పుకుంది. "ఏం లేదక్కా, ఆ పరుపు మీద భుజం పట్టేస్తోంది. నడిమధ్య గుంత పడింది. ఎటు పడుకున్నా ఆయన మీదికి దొర్లిపోతున్నా. ఆయన పక్కకి తిరిగితే నాకు మెలకువ. పైగా ఈ వయసులో ఒంట్లో ఆవిర్లు. ఆయనకేమో ఆ గట్టి పరుపు లేకపోతే నడుము నొప్పి. మారుద్దామంటే బాధపడతారేమోనని..." అంది. తరువాత మరిదిగారిని కదిపితే ఆయన అన్నది వినండి: "నా గురక భరించలేక వెళ్ళిందనుకున్నాను వదినా. అడిగితే ఔనంటుందేమోనని అడగలేదు."

చూశారా! పదిహేనేళ్ళ నాటి పరుపులో పడిన గుంత, మూడు పదుల కాపురంలో గుంతలా కనిపించసాగింది. ఇద్దరి మధ్యా కోపం లేదు, విసుగు లేదు. ఉన్నదల్లా రెండు శరీరాలు, వాటికి సరిపడని ఒక్క పరుపు.

శరీరాలు ఎందుకు వేరంటే, మరిదిగారు తొంభై కిలోల మనిషి, వెల్లకిలా పడుకుంటారు. చెల్లెలు యాభై కిలోలు, పక్కకి ఒత్తిగిలి పడుకుంటుంది. పక్కకి పడుకునేవారి బరువంతా భుజం మీద, తుంటి మీద పడుతుంది. ఆ రెండుచోట్లా పరుపు కాస్త లోపలికి పోతేనే వెన్ను తిన్నగా ఉంటుంది. గట్టి పరుపు లోపలికి పోదు, భుజాన్ని వెనక్కి నెడుతుంది. అదే మెత్తని పరుపు మీద బరువైన మనిషి పడుకుంటే నడుము కిందికి జారి ఉయ్యాలలో పడుకున్నట్టవుతుంది. కాబట్టి ఒకరికి మందు అయినది ఇంకొకరికి జబ్బు.

నడుము నొప్పికి ఎంత గట్టి పక్క అయితే అంత మంచిదని మనలో గట్టి నమ్మకం. కొందరు చెక్కబల్ల మీదే పడుకుంటారు. ఈ నమ్మకాన్ని స్పెయిన్ దేశపు వైద్యులు పరీక్షించి చూశారు. చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపు ఇచ్చారు. 90 రోజుల తరువాత చూస్తే మధ్యరకం పరుపు వాడినవారికే ఎక్కువ ఉపశమనం కనిపించింది. కోవాక్స్ అనే వైద్యుడు, ఆయన బృందం చేసిన ఈ పరిశోధన 2003లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. అందుచేత పరుపు మీద "ఆర్థో" అని రాసి ఉన్నంత మాత్రాన అది వైద్యుడి చీటీ అనుకోనక్కరలేదు. మన ఒంటికి సరిపోయిందా అన్నదే లెక్క.

దుకాణంలో వినిపించే పేర్లు కొన్ని తెలుసుకుని వెళితే మంచిది. కొబ్బరి పీచు మీద రబ్బరు పాలు చల్లి అచ్చు వేసినది రబ్బరైజ్డ్ కాయిర్. మాకు దగ్గరలోని పొల్లాచి ఆ పీచుకు పేరుపడ్డ చోటు. ఇది గట్టిగా ఉంటుంది, గాలి ఆడుతుంది, వెల కూడా అందుబాటులో ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గుంత పడుతుంది. మామూలు ఫోమ్ తేలిక. దాని డెన్సిటీ 32 అనో, 40 అనో చెబుతారు. అంటే ఘనపు మీటరుకు అన్ని కిలోలని అర్థం. అది ఎంతకాలం మన్నుతుందో సూచిస్తుంది గాని, ఎంత గట్టిగా ఉంటుందో చెప్పదు. ఫోమ్ ముక్కల్ని అదిమి అతికించినది రీబాండెడ్ ఫోమ్, బాగా గట్టిది. ఒంటి వేడికి మెత్తబడి ఒంటి ఆకారం తీసుకునేది మెమరీ ఫోమ్. 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం, విమానపు సీట్లకని తయారుచేసిన పదార్థం అది. ఒత్తిగిలి పడుకునేవారికి హాయిగా ఉంటుంది గాని వేడిని పట్టి ఉంచుతుంది. రబ్బరు పాలతో చేసిన లేటెక్స్ మెత్తగా ఉంటూనే పైకి ఎగదన్నుతుంది, చాలాకాలం మన్నుతుంది, బరువూ ఎక్కువే, ఖరీదూ ఎక్కువే. రబ్బరు పడనివారు దానికి దూరంగా ఉండాలి.

స్ప్రింగు పరుపుల్లో రెండు రకాలు. బోనెల్ రకంలో స్ప్రింగులన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒకరు కదిలితే రెండోవారికి తెలుస్తుంది. పాకెట్ రకంలో ఒక్కొక్క స్ప్రింగు ఒక్కొక్క గుడ్డసంచిలో విడిగా ఉంటుంది గనుక ఆ కుదుపు తక్కువ. భాగస్వామి కదిలితే మెలకువ వచ్చేవారు ఇది గుర్తుంచుకోవాలి.

మన పత్రిక చేరే ఊళ్ళన్నీ ఒక్కలాంటివి కావు. యానాం, బరంపురం, చెన్నైల ఉక్కలో మెమరీ ఫోమ్ ఒంటికి అంటుకున్నట్టు ఉంటుంది. బెంగుళూరు చల్లదనంలో అంత ఇబ్బంది ఉండదు. షోలాపూరు ఎండల్లో దూది, కాయిర్ నయం. ఇంకొక మాట, కింద సామాను పెట్టుకునే పెట్టె మంచాలకు పలకల మధ్య సందులుండవు. అడుగున గాలి ఆడక వానాకాలంలో ఏ పరుపుకైనా బూజు పట్టవచ్చు. చెక్కకి రంధ్రాలు వేయించడమో, వారానికోసారి పరుపును నిలబెట్టి ఆరనివ్వడమో చేయాలి.

మా చెల్లెలినీ మరిదిగారినీ వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాం. అక్కడి అబ్బాయి మొదట చూపించినది డ్యూయల్ కంఫర్ట్ పరుపు. "ఒక పక్క గట్టి, ఒక పక్క మెత్తన అమ్మా, ఇద్దరికీ సరిపోతుంది" అన్నాడు. విప్పి చూస్తే గట్టిది పైవైపు, మెత్తనిది కిందివైపు! కుడి ఎడమలు కావు. తిరగేసినప్పుడల్లా ఒకరికి సుఖం, ఇంకొకరికి శిక్ష. ఇలాంటివాటిని కొనేముందు అడిగి తెలుసుకోవాలి.

చివరికి మేము తేల్చుకున్నది చాలా తేలికైన మార్గం. వాళ్ళ మంచం లోపలి కొలత 78 అంగుళాల పొడవు, 72 అంగుళాల వెడల్పు. దానికి 72 అంగుళాల పరుపు ఒకటి కొనే బదులు 36 అంగుళాలవి రెండు కొన్నాం. ఆయనకి పైన పలచటి ఫోమ్ ఉన్న కాయిర్. ఆమెకి మెత్తని పాకెట్ స్ప్రింగు. రెండూ ఆరంగుళాల ఎత్తే. ఎత్తు సమానంగా ఉండటం ముఖ్యం, లేకపోతే మధ్యలో మెట్టు వస్తుంది. రెండిటి మీదా అడ్డంగా ఒక పలచటి బొంత, దానిమీద ఒకే దుప్పటి. సందు తెలియదు. జర్మనీలో చాలా ఇళ్ళలో ఒకే మంచం మీద ఇలా రెండు పరుపులే ఉంటాయి. మనకీ అది కొత్త కాదు, నులక మంచాలు పక్కపక్కన వేసుకున్న జాతే కదా మనది!

ఐదడుగుల మంచమైతే ఒక్కొక్కరికి 30 అంగుళాలే దక్కుతాయి. అది ఇరుకు. అలాంటప్పుడు కొలత ఇచ్చి, ఎడమ కుడి భాగాలు వేరువేరు గట్టిదనంతో ఒకే గలీబులో కుట్టించుకోవచ్చు. అడిగితే చేసిచ్చే తయారీదారులు ఉన్నారు. అదీ కుదరకపోతే ఇద్దరిలో బరువైనవారికి తగిన పరుపు కొని, రెండోవారి సగం మీద రెండంగుళాల మెత్తని పొర వేసుకోవడం ఒక ఉపాయం.

దుకాణంలో చేత్తో నొక్కి చూస్తే ఏమీ తెలియదు. సిగ్గుపడకుండా చెప్పులు విడిచి పడుకోండి. ఇద్దరూ కలిసి, ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే, కనీసం పది పదిహేను నిమిషాలు. వెల్లకిలా పడుకున్నప్పుడు నడుము కింద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి సులువుగా దూరిపోయి ఇంకా సందు మిగిలితే పరుపు మరీ గట్టిది. చెయ్యి అసలు దూరకపోతే మరీ మెత్తనిది. ఒకరు పడుకుని ఉండగా రెండోవారు ఒత్తిగిలి చూడండి. తలగడలు కూడా ఎవరివి వారికి వేరుగా ఎంచుకోండి. ఒత్తిగిలేవారికి ఎత్తుగా, వెల్లకిలా పడుకునేవారికి తక్కువగా ఉండాలి. కొన్ని కంపెనీలు ఇప్పుడు ఇంట్లో వంద రోజులు వాడి చూసి నచ్చకపోతే వెనక్కి ఇమ్మంటున్నాయి. తిరిగి తీసుకువెళ్ళే ఖర్చు ఎవరిదో, గ్యారంటీ ఎన్ని అంగుళాల గుంతకు వర్తిస్తుందో కాగితం మీద చదువుకోవాలి.

పరుపుతో తీరనివీ ఉన్నాయి. కాళ్ళలోకి పాకే నొప్పికి, తిమ్మిరికి వైద్యుణ్ణి చూడాలి. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఉలిక్కిపడి మళ్ళీ మొదలవుతుంటే అది పక్కవారి నిద్ర సమస్య మాత్రమే కాదు, గురక పెట్టేవారి ఆరోగ్య సమస్య. మా మరిదిగారిది అలాంటిదేనని చెల్లెలు మళ్ళీ పక్కన పడుకున్న రెండో వారంలోనే కనిపెట్టింది. ఇప్పుడు వైద్యం జరుగుతోంది. దివాను మీద ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి కనిపెట్టేవారే లేకపోయారు.

మీ ఇంట్లో ఎవరైనా మాట్లాడకుండా చాప పట్టుకుని పక్కగదికి వెళుతుంటే కోపమనుకోకండి, ఓర్పు అని మెచ్చుకోకండి. "నీకు ఎక్కడ నొప్పిగా ఉంది?" అని అడగండి. ఆ జవాబు విన్నాక తీరిగ్గా టేపు తీసుకుని మంచం కొలవండి.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.