అత్తగారే అమ్మమ్మ అయిన ఇంటి పటం

ఇంట్లో ఒకరికి కలిగిన మానసిక బాధను ఆ ఒక్కరి జబ్బుగా కాక, ఇంటిల్లిపాది మధ్య నడిచే మాటలు, అలకలు, మౌనాల అల్లికలో భాగంగా చూసి, అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి చేసే చికిత్సను కుటుంబ చికిత్స అంటారు. తప్పెవరిదో తేల్చి తీర్పు చెప్పే పెద్దమనుషుల పంచాయితీకి దీనితో పోలిక లేదు. అయినా విజయవాడలో రెండూ ‘కౌన్సెలింగ్’ అనే ఒక్క మాట కిందే చెలామణి అవుతుండడంతో, ఆ పని చేసేవారు ఏం చదివారని అడిగే అలవాటు కుటుంబాలకు ఏర్పడలేదు.

అమెరికాలో 1963లో కాలిఫోర్నియా ఈ వృత్తికి లైసెన్సు విధానం తెచ్చింది. నేడు 50 రాష్ట్రాల్లోనూ అది అమలులో ఉంది. భారతదేశంలో ఫ్యామిలీ థెరపిస్టు అనే పేరుతో ప్రత్యేక లైసెన్సు లేదు కనుక, ఈ వృత్తిలోకి రాదలచినవారు సైకాలజీలోనో సోషల్ వర్క్‌లోనో పీజీ పూర్తిచేసి, ఆపై క్లినికల్ సైకాలజీ లేదా సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో రెండేళ్ల ఎంఫిల్ చేయడం ఇన్నాళ్లూ నమ్మదగిన దారిగా ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ రెండు వృత్తులను నిర్వచిస్తూ, పర్యవేక్షణలో సాగే క్లినికల్ శిక్షణను అర్హతలో భాగం చేసింది. ఎంఫిల్‌ను ఇక గుర్తించబోమని 2023 డిసెంబరులో ప్రకటించిన విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ), ఈ రెండు కోర్సులకు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు గడువు ఇచ్చింది. ఆ దారి మూసుకుపోయే వేళ పర్యవేక్షణ కూడా దానితోపాటు పలచబడకూడదు.

పర్యవేక్షణ అంటే, శిక్షణలో ఉన్నవారు కుటుంబంతో మాట్లాడుతుండగా అనుభవజ్ఞుడైన గురువు ఒకవైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం వెనుక కూర్చుని గమనించి, ఎక్కడ ఎవరి పక్షం వహించారో తర్వాత విడమరచి చెప్పడం. పుస్తకం ఈ పని చేయలేదు. జీనోగ్రామ్ అనే కుటుంబ పటాన్నే తీసుకుంటే, అందులో పురుషుడికి చతురస్రం, స్త్రీకి వృత్తం, దాంపత్యానికి అడ్డగీత, తగవుకు వంకర గీత గీస్తారు. కానీ మేనమామను పెళ్లాడిన అమ్మాయికి అత్తగారే అమ్మమ్మ, ఆడపడుచే కన్నతల్లి. ఆమె అలిగి పుట్టింటికి వెళ్లినా అది భర్తకు అక్కగారి ఇల్లే. భర్త మీద చెప్పుకునే ప్రతి కష్టమూ తల్లి చెవికి తమ్ముడి మీద ఫిర్యాదుగానే చేరుతుంది. పరాయి దేశపు పాఠ్యపుస్తకంలోని పటంలో ఇమడని ఈ ముడిని చదవడం, తెలుగులో, తెలుగు కుటుంబం ఎదుట కూర్చుని నేర్చుకోవలసిన విద్య.

కుటుంబాన్ని చికిత్సలో భాగం చేయడం ఈ దేశానికి కొత్తేమీ కాదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతోపాటు బంధువులను ఉండనిచ్చారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కుటుంబాల కోసమే ఒక కేంద్రం పనిచేస్తోంది. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం కూడా కౌన్సెలర్ల నియామకానికి చోటిచ్చింది. అయితే విడాకుల కాగితాలు దాఖలయ్యాక కోర్టు మెట్ల దగ్గర దొరికే సాయం చాలా ఇళ్లకు ఆలస్యంగా అందిన సాయమే.

ఆ సాయం ముందే అందాలంటే శిక్షణ పొందినవారు కావాలి. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో పర్యవేక్షణకు వీలైన అద్దపు గది ఒకటి, నిలకడగా ఉండే పర్యవేక్షకులు ఇద్దరు ఉంటే, నగరంలో సోషల్ వర్క్, సైకాలజీ చదివే విద్యార్థులు అక్కడే చేయి తిరిగేలా నేర్చుకోగలరు. అవనిగడ్డ నుంచో కైకలూరు నుంచో బస్సెక్కి వచ్చే కుటుంబాల కోసం ఆ గదిని ఆదివారం కూడా తెరిచి ఉంచాలి.