మధ్యలో ఆగిన వాషింగ్ మెషీన్

ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో బోరునీటితో, ట్యాంకరు నీటితో బట్టలుతికే కుటుంబాలు అనేకం. ఆ నీటిలోని సున్నం, సన్నని ఇసుక మెషీన్ వెనుక పైపు బిగించేచోట ఉండే చిన్న జాలీలో పేరుకుంటాయి. నీరు సన్నగిల్లుతుంది, తగిన మట్టం చేరక మెషీన్ ఆగిపోతుంది. జుమా నమాజుకు వేసిన బట్టలు నురుగులోనే ఉండిపోతాయి. ప్లగ్గు తీసి, కుళాయి కట్టేసి, ముందుగా ఆ జాలీని బ్రష్‌తో కడిగి చూడమంటాం. 'బోర్డు పోయింది, వేలల్లో ఖర్చు' అన్న మాటను ఆ తర్వాతే నమ్మవచ్చు.

నీరు లోపలే నిలిచిపోతే దోషం మరోచోట ఉంటుంది. ముందుతలుపు మెషీన్లలో కింది మూలనుండే ఫిల్టరులో నాణెమో, పసిబిడ్డ మేజోడో చిక్కుకుని ఉండవచ్చు. వేడినీటి ఉతుకైతే చల్లారనిచ్చి, పళ్లెం పెట్టి నెమ్మదిగా విప్పాలి. నీరు పోయేదాకా తలుపును లాగవద్దు.